ఆన్‌లైన్ చదువు, సావాసాలు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల

కడప జిల్లా పడమటి వైపున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకు ఆన్‌లైన్ చదువు రెండు దారుల్లో వచ్చింది. 2008లో ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ద్వారా, ఏరి తీసుకున్న కొద్దిమంది పిల్లలకు ల్యాప్‌టాప్ రూపంలో వచ్చింది. 2020 మార్చి తర్వాత కోవిడ్ కారణంగా, నాన్న ఫోన్ రూపంలో అందరి మీదా ఒకేసారి వచ్చి పడింది. రెండు చోట్లా పాఠం తెర మీదే నడిచింది. అయినా మొదటి చోట గట్టి స్నేహాలు అల్లుకున్నాయి, రెండో చోట ఉన్న పరిచయాలే పలచబడ్డాయి. పాఠం ఎక్కడి నుంచి వస్తోందన్న దానికన్నా, పాఠం అయ్యాక పిల్లల పక్కన ఎవరున్నారన్నదే సావాసాలను నిర్ణయించిందని ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

బడి కలిపిన పరిచయాలు

జిల్లాలో కడప తర్వాత పెద్ద పట్టణం ప్రొద్దుటూరు. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడిన ఈ ఊరు చుట్టుపక్కల మండలాలకు చదువుల ఊరు కూడా. యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల ఇక్కడే ఉంది. పులివెందులలో 2006లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల మొదలైంది. లింగాల, తొండూరు, సింహాద్రిపురం, వేముల మండలాల పిల్లలకు పులివెందుల దిక్కయితే, ముద్దనూరు, మైలవరం, కొండాపురం, పెద్దముడియం మండలాల వాళ్లకు జమ్మలమడుగు దగ్గర. పొద్దున్నే ఆర్టీసీ బస్సు, చేతిలో పాసు, సీటు దొరక్కపోతే ముందు దొరికినవాళ్ల ఒళ్లో పుస్తకాల సంచి: ఈ పల్లెల పిల్లలకు సావాసం సగం బస్సులోనే మొదలవుతుంది.

బడి లేని వేళ పల్లెలో పిల్లల ఆట వీధిని బట్టి నడుస్తుంది. రెడ్ల వీధి పిల్లలు ఒకచోట, ఎస్సీ కాలనీ పిల్లలు ఇంకోచోట గోలీలు ఆడుకుంటారు, చిల్లాకట్టె ఆడుకుంటారు. ఈ గీతను రోజుకు ఏడెనిమిది గంటలైనా పక్కన పెట్టించేది బడే. ఒకే బెంచీ మీద కూర్చోబెడుతుంది. 2003 జనవరిలో రాష్ట్రంలో వండి వడ్డించే మధ్యాహ్న భోజన పథకం మొదలైన దగ్గర్నుంచి ఒకే వరసలో కూర్చోబెట్టి అన్నం కూడా పెడుతోంది. ముఠా కక్షల చరిత్ర ఉన్న ఈ ప్రాంతంలో, పెద్దవాళ్లు ముఖముఖాలు చూసుకోని ఊళ్ల పిల్లలు కలిసి తిరగగలిగింది కూడా పట్టణపు హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో, హాస్టళ్లలోనే.

ఇలాంటి పరిచయాలు ప్రాణస్నేహాలు కానక్కర్లేదు. పక్క సెక్షన్ పిల్ల, బస్సులో రోజూ కనిపించే అబ్బాయి, నోట్సు అరువిచ్చే సీనియర్ వంటివారు వీటిలో ఎక్కువ. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో ఇలాంటి పలచని బంధాలకే ఎక్కువ బలం ఉంటుందని వాదించాడు. ఆప్తులకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త సమాచారం, కొత్త అవకాశం దూరపు పరిచయస్తుల నుంచే వస్తాయన్నది ఆయన లెక్క. ఏ కాలేజీలో సీటు దొరుకుతుందో, ఏ స్కాలర్‌షిప్‌కు ఎప్పుడు దరఖాస్తు చేయాలో ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలకు ఈ మాట బాగా వర్తిస్తుంది. ఆన్‌లైన్ చదువు దెబ్బ ప్రధానంగా తగిలింది ఈ దూరపు పరిచయాల వలయానికే. ప్రాణస్నేహితులు ఎలాగో ఒకలా ఫోన్ చేసుకున్నారు. బస్సులో సీటు పట్టి ఉంచే అమ్మాయికి ఫోన్ చేయడానికి సాకేముంటుంది? చాలాసార్లు ఆ అమ్మాయి నంబరే తెలియదు.

2020 మార్చి తర్వాత

ఆంధ్రప్రదేశ్‌లో బడులు 2020 మార్చి 19 నుంచి మూతపడ్డాయి. గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, హాస్టళ్లలో ఉన్న పిల్లలు పెట్టెలు సర్దుకుని ఇళ్లకు చేరారు. ఆ ఏడాది ఏప్రిల్ నాటికి ప్రపంచవ్యాప్తంగా సుమారు 150 కోట్ల మందికి పైగా విద్యార్థులకు బడి లేకుండా పోయిందని యునెస్కో లెక్కగట్టింది. రాష్ట్రంలో పదో తరగతి పిల్లల కోసం దూరదర్శన్ సప్తగిరి ఛానెల్లో 'విద్యామృతం' పేరుతో పాఠాలు ప్రసారం చేశారు. జూన్ 20న పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి, అందరూ పాసయ్యారు. ఆ ఏటి పిల్లలకు 'కరోనా బ్యాచ్' అన్న పేరు అంటుకుంది. వాళ్లు పోగొట్టుకున్నది మార్కుల జాబితాకున్న పరువు ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఫేర్‌వెల్ జరగలేదు, గ్రూప్ ఫొటో దిగలేదు, చివరి పరీక్ష రాసి హాలు బయట గేటు దగ్గర నిలబడి ఎవరు ఎక్కడ ఇంటర్ చేరుతున్నారో చెప్పుకునే అరగంట కూడా దక్కలేదు. పదో తరగతి మన దగ్గర సావాసాల కూడలి. అక్కణ్నుంచి ఒకరు కడపకు, ఒకరు తిరుపతికి, ఒకరు విజయవాడకు, ఇంకొకరు పొలానికి పోతారు. ఆ కూడలిలో నిలబడి వీడ్కోలు చెప్పుకునే వీలు ఆ ఏడాది లేకపోయింది.

ప్రైవేటు బడులు జూన్, జులై నుంచి జూమ్, గూగుల్ మీట్ తరగతులు పెట్టాయి. ప్రభుత్వ బడుల్లో ఎక్కువగా టీవీ పాఠాలు, వాట్సాప్ గ్రూపులు. అంటే ఒకే వీధిలో పక్కపక్క ఇళ్ల పిల్లల్లో ఒకరు ఉదయం తొమ్మిదింటికి యూనిఫాం చొక్కా తొడుక్కుని ఫోన్ ముందు కూర్చుంటే, రెండోవాళ్లు టీవీలో పాఠం వచ్చే వేళ కోసం చూసేవాళ్లు. అంతకుముందు బడి వేరైనా సాయంత్రం ఒకే వేళకు ఇల్లు చేరేవారు. ఇప్పుడు ఆ వేళ కూడా వేరైంది.

ఒక ఫోన్, ఒక ఇల్లు

ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వే 2020 సెప్టెంబరులో గ్రామీణ భారతంలో జరిపిన పరిశీలనలో, బడిలో పేరున్న పిల్లల్లో 61.8 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు తేలింది. 2018లో ఇది 36.5 శాతమే. మరుసటి ఏడాది సర్వే ఇంకో ప్రశ్న కలిపింది: ఇంట్లో ఫోన్ ఉన్నా అది పిల్లల చేతికి వస్తోందా? నాలుగో వంతు మందికి, కచ్చితంగా చెప్పాలంటే 26.1 శాతం మందికి, రావడం లేదని తేలింది.

చీనీ తోటలు, అరటి తోటలు ఉన్న పులివెందుల పల్లెలో ఈ అంకె ఎలా ఉంటుందో చూద్దాం. ఇంట్లో ఒకటే ఫోన్. నాన్న పొద్దున ఆరింటికే తోటకు పోతాడు, ఫోన్ ఆయన జేబులో పోతుంది. వ్యాపారి కాల్ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఇంట్లో పెట్టి పోయే వీలు లేదు. రాత్రి ఎనిమిదింటికి ఆయన తిరిగొచ్చాక ఫోన్ పిల్ల చేతికి వస్తుంది. అప్పటికి క్లాసు గ్రూపులో అరవై డెబ్బై మెసేజీలు. టీచరు పెట్టిన హోంవర్కు ఫొటో, దాని కింద వరసగా 'ఓకే మేడం', 'ఓకే మేడం', ఆ పైన ఎవరో పొరపాటున పంపిన స్టిక్కరు, ఎవరో అడిగిన డౌటు, దానికి ఇంకెవరో చెప్పిన జవాబు. మాటామంతీ అంతా మధ్యాహ్నమే అయిపోయింది. ఈ పిల్ల హోంవర్కు కాపీ చేసుకుని ఒక 'ఓకే మేడం' పెట్టి ఫోన్ తిరిగి ఇచ్చేస్తుంది. పైగా ఆ ఫోన్లో వచ్చే ప్రతి మెసేజీ నాన్న కళ్ల పడేదే. బెంచీ కింద నుంచి జరిపే చీటీకి ఉన్న గుట్టు దీనికి లేదు. పదమూడేళ్ల వయసులో స్నేహం సగం గుట్టు మీదే బతుకుతుంది. దాన్ని ఇంటి ఫోన్ మింగేసింది.

ఆడపిల్లల విషయంలో ఈ తేడా ఇంకా పెద్దది. కోవిడ్‌కు కొద్దినెలల ముందు, 2019లో రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. 2023లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద 'అసర్' ఇంకో సర్వే జరిపింది. దేశమంతటి లెక్కలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 43.7 శాతం, అమ్మాయిలు 19.8 శాతం. అబ్బాయికి పదో తరగతి అవగానే ఫోన్ కొనివ్వడం, అమ్మాయికి 'చదువు అయ్యాక చూద్దాం' అనడం ఈ ప్రాంతంలో అలవాటే. ఆఫ్‌లైన్ కాలంలో అమ్మాయిలకు ఇంటి బయట తోటివాళ్లతో గడపడానికి ఇంట్లో అడ్డు చెప్పని చోటు బడి ఒక్కటే. అబ్బాయిలకు పెన్నేటి ఇసుక ఉంది, క్రికెట్ మైదానం ఉంది, బస్టాండు టీ కొట్టు ఉంది. బడి మూతపడితే అబ్బాయికి ఒక చోటు తగ్గింది, అమ్మాయికి ఉన్న ఒక్కటీ పోయింది.

ఆటల్లోకి మారిన జట్లు

ఫోన్ ఉన్న అబ్బాయిల సావాసాలు తెగలేదు, రూపు మార్చుకున్నాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక చవకైన డేటా అప్పటికే పల్లెలు చేరింది. తరగతి ఒక కిటికీలో, ఆట ఇంకో కిటికీలో. వీడియో ఆఫ్, మైకు మ్యూట్, హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్'. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను, సెప్టెంబరు 2న పబ్‌జీని కేంద్రం నిషేధించింది. కుర్రాళ్లు ఫ్రీ ఫైర్‌కు మారారు. 2022 ఫిబ్రవరిలో దాన్నీ నిషేధించారు. ఈ ఆటలను తల్లిదండ్రులు తిట్టిపోశారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ నలుగురు జట్టుగా ఆడే ఆ ఆటల్లో మైకు పెట్టుకుని పిల్లలు గంటల తరబడి మాట్లాడుకున్నారన్న సంగతి మరవకూడదు. బడి చేతులెత్తేసిన పని ఆట చేసింది. దానికి చెల్లించిన మూల్యం జట్టు ఎంపికలో కనిపిస్తుంది. మంచి ఫోన్, ఆగని డేటా ఉన్నవాడే జట్టులో ఉంటాడు. హ్యాంగ్ అయ్యే ఫోన్ ఉన్నవాణ్ని రెండు మూడు ఆటల తర్వాత ఎవరూ పిలవరు. క్లాసులో కులం, డబ్బు చూసి జట్టు కట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఇప్పుడు ఫోన్ ర్యామ్ కూడా ఆ లెక్కలో చేరింది.

స్విట్జర్లాండ్‌లో డిగ్రీ విద్యార్థుల స్నేహ వలయాలను కోవిడ్‌కు ముందు, కోవిడ్ సమయంలో పోల్చిన ఒక అధ్యయనం 2020లో ప్రచురితమైంది. కలిసి చదువుకోవడం, కలిసి గడపడం బాగా తగ్గాయని, ఒంటరిగా చదివేవాళ్ల సంఖ్య పెరిగిందని ఎల్మర్, మెఫమ్, స్టాట్‌ఫెల్డ్ అనే పరిశోధకులు అందులో చూపించారు. ఎవరికి వారికి సొంత కంప్యూటరు, సొంత గది ఉన్న చోట పరిస్థితి అది. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 6 నుంచి 12వ తరగతి వరకు సుమారు 3.79 లక్షల మంది విద్యార్థులను ప్రశ్నించి వెలువరించిన నివేదికలో, ఆన్‌లైన్‌లో పాఠం అర్థం చేసుకోవడం కష్టమైందని 51 శాతం మంది చెప్పారు. ప్రశ్న అడగడానికి జంకుతామన్నవారు 28 శాతం. తరగతిలో అయితే పక్కవాడి భుజం గీకి అడిగేయొచ్చు. ఆన్‌లైన్‌లో అడిగితే నలభై మందికీ వినబడుతుంది.

తాళ్లప్రొద్దుటూరు

కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు సంగతి వేరే. 2020లో గండికోట జలాశయంలో నీటి నిల్వను పెంచుతూ పోయారు. జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. నీళ్లు ఊరిని చుట్టుముట్టాయి. పరిహారం, గడువు గురించి నిర్వాసితులు ఆందోళన చేశారు, చివరకు ఊరు ఖాళీ అయింది. బడి మూతపడి ఉన్న ఏడాదే అక్కడి పిల్లలకు ఊరు కూడా లేకుండా పోయింది. కుటుంబాలు తలో దిక్కూ సర్దుకున్నాయి. మామూలుగా ఇలాంటి పిల్లలకు కొత్త చోట తోటివాళ్లను కలిపేది కొత్త బడి. పేరు అడుగుతారు, ఏ ఊరని అడుగుతారు, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు జత దొరుకుతారు. ఆ ఏడాది కొత్త బడి అంటే కొత్త వాట్సాప్ గ్రూపు. అందులో ఎవరి ముఖమూ తెలియదు. విపత్తు రెండు వైపుల నుంచి ఒకేసారి వస్తే పిల్లల సావాసాలకు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా కఠినమైన ఉదాహరణ ఈ జిల్లాలో దొరకదు. నిర్వాసితుల లెక్కల్లో ఇళ్లు, ఎకరాలు ఉంటాయి, పిల్లలు పోగొట్టుకున్న జట్లకు గడి ఉండదు.

ఇడుపులపాయలో తెర, హాస్టల్ కలిసి

వేంపల్లె మండలం ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ఆర్‌కే వ్యాలీ ప్రాంగణం, అంటే మొదట చెప్పిన ట్రిపుల్ ఐటీ, 2008లో నూజివీడు, బాసర ప్రాంగణాలతో పాటే మొదలైంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి దీనికి తొలి ఛాన్సలర్. పదో తరగతి మార్కుల మీద పిల్లలను తీసుకుని, ప్రభుత్వ బడుల్లో చదివినవారికి కొంత అదనంగా కలిపి, ఆరేళ్ల సమీకృత కోర్సులో చేర్చుకున్నారు. మొదట్లో పాఠాలు ఎక్కువగా ముందే తయారుచేసిన వీడియోలు. ప్రతి పిల్లవాడికీ ఒక ల్యాప్‌టాప్, తరగతి గదిలో సందేహాలు తీర్చడానికి మెంటర్లు. అంటే 2020లో అందరూ నోరెళ్లబెట్టి చూసిన పద్ధతిని ఈ ప్రాంగణం పన్నెండేళ్ల ముందే నడిపింది.

తేడా అంతా హాస్టల్‌లో ఉంది. వీడియో పాఠం అర్థం కాని పిల్లవాడు ల్యాప్‌టాప్ మూసి పక్క గదికి పోతాడు. రాయచోటి పిల్లవాడికి కదిరి పిల్లవాడు లెక్క చెబుతాడు. ఇంగ్లిషు రాని పల్లె పిల్లలే అందరూ కాబట్టి, తనొక్కడికే రాదన్న సిగ్గు త్వరగా పోతుంది. మెస్సులో క్యూ, సెలవులకు ఇంటికి పోయే బస్సు, ఎవరి ఊరి నుంచో వచ్చిన జంతికల డబ్బా: ఇవన్నీ పాఠంలో లేనివే, పాఠాన్ని నిలబెట్టినవే. దూరవిద్య శాస్త్రంలో గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో ప్రతిపాదించిన నమూనాలో బోధకుని ఉనికి, ఆలోచన ఉనికితో పాటు సామాజిక ఉనికి కూడా ఉండాలంటారు. ఆర్‌కే వ్యాలీలో ఆ మూడోదాన్ని సాఫ్ట్‌వేర్ ఇవ్వలేదు, మంచాలు ఇచ్చాయి. 2020లో ఇవే ప్రాంగణాల పిల్లలు ఇళ్లకు పోయి ఆన్‌లైన్ తరగతులు వినాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ అలవాటు వాళ్లకు ముందే ఉంది కాబట్టి పరికరం సమస్య కాలేదు. సందేహం వస్తే తలుపు తట్టడానికి పక్క గది మాత్రం లేకుండా పోయింది.

తిరిగి తెరిచాక

2020 నవంబరు 2న తొమ్మిది, పది, ఇంటర్ తరగతులతో బడులు మళ్లీ తెరుచుకున్నాయి. గదికి పదహారు మంది, రోజు మార్చి రోజు. ప్రాణస్నేహితులు వేర్వేరు రోజుల జట్లలో పడితే ఒకే బడిలో ఉండి కూడా కలవలేదు. ఆఖరి బెంచీ అన్నదే లేకుండా పోయింది. బెంచీకి ఒకరే కూర్చుంటే అన్నీ మొదటి బెంచీలే మరి. ప్రాథమిక తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. రెండో దశ కోవిడ్ రావడంతో ఏప్రిల్‌లో ఒకటి నుంచి తొమ్మిది వరకు మళ్లీ మూసి, ఆగస్టు 16న తెరిచారు. ఈ మధ్యలో చాలామంది పిల్లలు బడే మారిపోయారు. ఫీజులు కట్టలేక ప్రైవేటు నుంచి ప్రభుత్వ బడులకు వచ్చిన పిల్లలు దేశమంతటా ఉన్నారు. గ్రామాల్లో ప్రభుత్వ బడుల్లో చేరిక 2018లో 64.3 శాతం ఉంటే 2021 నాటికి 70.3 శాతానికి పెరిగిందని 'అసర్' చెబుతోంది. ఈ మార్పుకు ఒక మంచి పక్క కూడా ఉంది. పసుపు బస్సెక్కి పోయే పిల్లలు, పలక సంచితో నడిచిపోయే పిల్లలు చాలా ఏళ్ల తర్వాత ఒకే గదిలో కూర్చున్నారు.

ట్యాబులు వచ్చాయి

2022 డిసెంబరు 21న రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి విద్యార్థులకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబుల పంపిణీని బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించింది. బైజూస్ సంస్థ పాఠాలు ముందే మెమొరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు కాబట్టి నెట్ లేకున్నా పాఠం నడిచేది. మరుసటి ఏడాది అదే రోజు రెండో విడత ఇచ్చారు. వీటి ఖర్చు మీద, ఉపయోగం మీద రాజకీయ వాదన ఎంతైనా ఉంది. సావాసాల కోణంలో చూస్తే రెండు సంగతులు తోస్తాయి. ఎంతోమంది ఆడపిల్లలకు తమ పేరున ఇంట్లోకి వచ్చిన మొదటి పరికరం ఇది, అన్న లాక్కున్నా బడిలో లెక్క చెప్పాల్సింది ఆ పిల్లే. రెండోది, అందరికీ ఒకే రకం పరికరం వచ్చింది కాబట్టి పాఠాలకు తోడు పాటలు, ఆటలు ఎక్కించుకునే కిటుకులు ఒకరి నుంచి ఒకరికి చెవిలో చేరాయి. అధికారులు దీన్ని దుర్వినియోగం అన్నారు, ఆ మాటా నిజమే. అయినా తాళం తీసే కిటుకు తెలిసిన పిల్లవాడికి తరగతిలో లెక్కల్లో ఫస్టు వచ్చేవాడికన్నా ఎక్కువ మంది దోస్తులు అవడం ఏ తరంలోనూ కొత్త కాదు. ఇదే కాలంలో, 2023 ఆగస్టులో, విద్యార్థులు బడికి ఫోన్లు తేకూడదని విద్యాశాఖ ఆదేశించింది. ప్రభుత్వం ఒక చేత్తో తెర ఇస్తూ ఇంకో చేత్తో తీసుకుందని నవ్వుకున్నవాళ్లున్నారు. కానీ మధ్యాహ్న భోజనం వరసలో పిల్లలు తలెత్తి ఒకరినొకరు చూసుకోవాలంటే రెండో చెయ్యే సరైనది.

పై చదువులు, కోచింగ్

డిగ్రీ స్థాయిలో ఆన్‌లైన్ కోర్సులు నిలదొక్కుకున్నాయి. కేంద్ర ప్రభుత్వపు 'స్వయం' ఆన్‌లైన్ వేదిక మీద చేసిన కోర్సుల నుంచి 2016లో 20 శాతం, 2021 నిబంధనల ప్రకారం 40 శాతం వరకు క్రెడిట్లు తీసుకోవచ్చని యూజీసీ అనుమతించింది. ఈ కోర్సుల్లో సర్టిఫికెట్టు వస్తుంది, సహపాఠి రాడు. వేల మంది చేరిన కోర్సులో జమ్మలమడుగు అమ్మాయికి ఇంకో జమ్మలమడుగు అమ్మాయి తారసపడే అవకాశం దాదాపు లేదు.

ఉద్యోగ పరీక్షల తయారీలో మార్పు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు బ్యాంకు కోచింగ్ అంటే ఈ ప్రాంత యువతకు నంద్యాల. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం 2016లో పూర్తయ్యాక ప్రయాణమూ సులువైంది. నలుగురు కలిసి గది తీసుకుని, వంతులవారీగా వంట చేసుకుని, ఒకే పుస్తకాన్ని పంచుకుని చదివేవాళ్లు. పరీక్ష కేంద్రం ఎక్కడ పడితే అక్కడికి కలిసి పోయేవాళ్లు. ఉద్యోగం వచ్చినవాడు రానివాడికి ఇంకో ఆరు నెలలు గది అద్దె పంపిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు అదే కోచింగ్ ఇంటి మిద్దె మీద కూర్చుని ఫోన్లో వినొచ్చు. గది అద్దె, మెస్సు ఖర్చు మిగులుతాయి. ముఖ్యంగా పెళ్లయిన అమ్మాయిలకు, ఇల్లు వదిలి పోలేనివాళ్లకు ఇది పెద్ద ఊరట. 2025లో 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఇలా ఇంటి నుంచే తయారైనవాళ్లు లెక్కలేనంత మంది.

వాళ్లకు తోటివాళ్లు టెలిగ్రామ్ గ్రూపుల్లో ఉంటారు. వేల మంది సభ్యులు, పీడీఎఫ్‌ల వరద, ఎవరి అసలు పేరూ తెలియదు. ఫలితాలు వచ్చిన రోజు గ్రూపు హోరెత్తుతుంది, తర్వాత నెలకు చప్పబడిపోతుంది. ఈ కొరత తెలిసినవాళ్లే తెలుగు పట్టణాల్లో స్టడీ హాళ్లను బతికిస్తున్నారు. నెలకు ఇంతని కట్టి, ఏసీ గదిలో చెక్క అరల మధ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పాఠం వాళ్లు వింటారు. పాఠం ఇంట్లోనూ వినొచ్చు. డబ్బు కడుతున్నది పక్క అరలో ఇంకొకరు చదువుతూ కనిపిస్తారని, సాయంత్రం టీకి నలుగురు కలుస్తారని.